పచ్చి వార్నిషు

పోయిన నెలలో స్వప్న ఫోన్ చేసినప్పుడు నేను వంటింట్లో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. స్వప్న కూతురు హాసిని నా దగ్గర మూడేళ్ళుగా వయొలిన్ నేర్చుకుంటోంది. తల్లికి మంగళగిరిలో కంప్యూటర్ ఆఫీసులో ఉద్యోగం. వారానికి రెండుసార్లు పిల్లని గుంటూరులో మా ఇంటి ముందు కారులోంచి దించి, పాఠం అయ్యేదాకా వరండాలో ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. "టీచర్ గారూ, హాసినికి కొత్త వయొలిన్ చేయించామండి. రెడీ అయిందంట. శనివారం మీరొకసారి వచ్చి చూసి సరేనంటే తీసుకుంటాం. సౌండ్ సంగతి దానికీ కొంచెం తెలుసుగానీ, వార్నిషు మాత్రం మీరు చూడాల్సిందేనని అందరూ అంటున్నారు," అంది. వార్నిషు విషయంలో నాకలాంటి పేరు ఉన్నమాట నిజమే. ఎక్కడ చేయించావమ్మా అని అడిగాను. "చీరాలలోనండి. షంషాద్ గారని ఒకావిడ. వాళ్ళ నాన్నగారు మస్తాన్ గారని, పూర్వం ఫిడేళ్ళు చేసేవారంట. మీకు తెలిసే ఉంటుంది," అంది.

మోకాళ్ళ నొప్పులన్నాను. కారులోనే కదండీ అంది. శనివారం ఎవరో చుట్టాలు వస్తామన్నారన్నాను. అయితే ఆదివారం వెళదామండి అంది. డెబ్బై దాటిన మనిషిని, ముగ్గురు మనవళ్ళున్నదాన్ని, ఆ పిల్లతో అబద్ధాలు ఆడలేక, నిజం చెప్పలేక, చివరికి సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక చూసుకుంటే కుడిచేతి బొటనవేలిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని ఉన్నాను. ఆ అలవాటు నాకు పదకొండో ఏట పట్టుకుంది.

నన్ను చూస్తే పిల్లలు హడలిపోతారని పేరు. సంగీత కళాశాలలో పనిచేసిన రోజుల్లో వరండాలో నా చెప్పుల చప్పుడు వినిపిస్తే చాలు, కబుర్లు ఆగిపోయి శ్రుతులు మొదలయ్యేవి. వాళ్ళెవరికీ తెలియని సంగతి ఏమిటంటే, వాళ్ళందరికంటే పెద్ద పిరికిదాన్ని నేను. పిరికివాళ్ళే ఎక్కువగా గద్దిస్తారు. నేను కచేరీలు చేసి ఎరుగుదును, సభలో మైకు ఆగిపోతే నవ్వి ఊరుకున్నాను, మా వారి గుండె ఆపరేషన్ రోజున ఆస్పత్రిలో చేతులు వణక్కుండా సంతకాలు పెట్టాను. కానీ చీరాల అన్న మాట వింటే ఇప్పటికీ నాకు నోరు ఎండిపోతుంది. చేనేత చీరలంటే ప్రాణం పెట్టే నేను, ఇంత దగ్గర ఉండి కూడా ఆ ఊరు వెళ్ళి ఒక్క చీర కొన్న పాపాన పోలేదు. రైల్లో వెళుతూ ఆ స్టేషన్ వస్తే కిటికీ తలుపు దించుకునేదాన్ని. మా వారు దుమ్ము పడదని దించుతున్నాననుకునేవారు.

మా ఊరు చిలకలూరిపేటకి ఏడెనిమిది మైళ్ళు. నల్లరేగడి, పత్తి, మిరప. సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి ఎండాకాలం సగం దాకా మా ఇంట్లో అందరం దగ్గుతూనే మాట్లాడుకునేవాళ్ళం. కళ్ళంలో కాయలు ఎండేవి, వసారాలో గోతాలు, పంచలో తాలుకాయ ఏరే కూలీలు. అన్నం పళ్ళెంలోకి, పక్కబట్టల్లోకి, అమ్మ జుట్టులోకి కూడా ఆ ఘాటు వచ్చేసేది. బయటివాళ్ళు గుమ్మంలో అడుగుపెట్టగానే తుమ్మేవారు, మేము నవ్వేవాళ్ళం. నాయనమ్మ పొద్దున్నే చేతులకి ఆముదం రాసుకుని, పమిటచెంగు ముక్కుకి అడ్డం కట్టుకుని, పీట వేసుకుని కాయల కుప్ప ముందు కూర్చునేది. పొద్దుగూకేదాకా ఆ పీట దిగేది కాదు. తెల్లబడిన కాయ ఒకవైపు, ఎర్రకాయ ఒకవైపు పడుతూనే ఉండేవి, నోటితో మాత్రం ఇంట్లో ప్రతి ఒక్కరినీ పేరుపేరునా తిట్టేది. నేను ఫిడేలు సాధన మొదలుపెడితే, "దాని గొంతు ఎవరో పిసుకుతున్నట్టుందే రాజ్యం, వదిలెయ్యవే పాపం," అనేది.

ఫిడేలు ముట్టుకోవాలంటే ముందు నా చేతులు అమ్మ చూడాలి. పుల్లమజ్జిగతో ఒకసారి, సెనగపిండితో ఒకసారి తోముకుని వెళ్ళి ఆవిడ ముందు చాపితే, వాసన చూసి, నాలిక చివరతో నా వేలు తాకి మంట లేదని తేల్చుకున్నాకే తల ఊపేది. ఇదంతా మాస్టారి కోసం. మా ఫిడేలు మాస్టారు ఆదివారాలు పేట నుంచి బస్సులో వచ్చేవారు. నేను వాయించే ఫిడేలు ఆయనదే. ఒకసారి నా చేతి కారం కమానుకి అంటి, కమాను నుంచి ఆయన వేలికి, వేలి నుంచి కంటికి చేరి, మా నూతి దగ్గర అరగంట సేపు ముఖం కడుక్కున్నారు. నీళ్ళు తోడిపోస్తూ నాన్న నావైపు చూసిన చూపుకి నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. నాన్న కొట్టేవాడు కాదు. కొట్టి ఉంటే నయంగా ఉండేది. ఆయన ఒక్కసారి "ఇక వద్దు" అన్నాడంటే ఆ మాట మళ్ళీ ఇంట్లో ఎత్తడానికి ఎవరికీ ధైర్యం ఉండేది కాదు. మా అక్క బడి అలాగే ఆగిపోయింది. ఫిడేలు కూడా అలా ఆగిపోతుందేమోనని నాకు రోజూ భయమే.

నాన్నకి మిరపకాయ చూడటంలో ఊళ్ళో పెద్ద పేరు. ఇరుగుపొరుగు రైతులు గుంటూరు మార్కెట్‌కి కాయ తోలేముందు ఆయన్ని పిలుచుకుపోయేవారు. కాయని చెవి దగ్గర పెట్టుకుని ఆడించేవాడు, లోపల గింజ గలగలమంటే ఎండినట్టు. తర్వాత బొటనవేలితో నొక్కేవాడు, మెత్తగా లొంగితే పచ్చి ఉన్నట్టు. రంగు మాత్రం వసారాలో చూసేవాడు కాదు. "రంగు కావాలంటే ఎండలోకి పట్టుకురా, నీడలో నాకు చూపించొద్దు," అని బయటికి నడిచేవాడు. నేను ఆయన వెనకే తిరిగేదాన్ని. పదకొండేళ్ళకే కాయని చెవి దగ్గర ఆడించడం, వేలితో నొక్కడం నాకూ వచ్చేశాయి. మంచిచెడ్డలు తెలుసుకోవడానికి లోకంలో అంతకు మించిన పద్ధతి ఉంటుందని నాకు తెలియదు.

ఆ ఏడు మాస్టారు ఒక మాట చెప్పారు. ఆయన ఫిడేలు ఉగాది దాటాక మేనల్లుడికి ఇచ్చెయ్యాలట. "అమ్మాయికి సొంతది కొనండి, లేకపోతే పాఠం ఆపుదాం. వాయిద్యం లేకుండా గాల్లో నేర్పలేను కదా," అన్నారు నాన్నతో. నాన్న మీసం దువ్వుకుంటూ, "మీరు చూసి బాగుందంటే కొంటా. బాగాలేదంటే మాత్రం ఇక ఆ ఊసొద్దు," అన్నాడు. ఎవరో చెబితే చీరాలలో మస్తాన్ గారికి కబురు వెళ్ళింది. ఆయన మగ్గాల వడ్రంగి. మగ్గం పలకలు, నూలుతో అటూ ఇటూ తిరిగే నాడెలు చేసే మనిషి, చేతిపని మీద ఇష్టంకొద్దీ ఫిడేలు చెయ్యడం నేర్చుకున్నారు. అప్పటికి నాలుగైదు చేసి ఉంటారేమో. కొత్తగా పెళ్ళయింది కూడా. మగ్గాల పని తగ్గించుకుని ఇక ఫిడేళ్ళ మీదే బతుకుదామనే ఆలోచనలో ఉన్నారని తర్వాత తెలిసింది.

ఒక శుక్రవారం పొద్దున్న ఆయన బస్సు దిగి, ఊరి బయట నుంచి నడిచి వచ్చారు. పిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చారు ఆ ఫిడేలుని, తెల్ల నూలుగుడ్డలో చుట్టి. సన్నటి మనిషి, గళ్ళ లుంగీ, జేబులో చిన్న కొలబద్ద. గుమ్మంలో రెండు తుమ్ములు తుమ్మి, "మీ ఇంటి గాలే మనిషిని పలకరిస్తందండీ," అని నవ్వారు. గుడ్డ విప్పారు. తేనె రంగు. వెనక పలక మీద చెక్క చారలు లోపల ఎక్కడో కదులుతున్నట్టు కనపడ్డాయి. "రంగు పైన పూస్తే అది పెయింటండి వెంకటప్పయ్య గారూ. వార్నిషంటే చెక్క కనపడాలి. మందంగా పట్టిస్తే నోరు మూసుకుపోద్ది, పలచగా ఉంటే చెమటకి లేచిపోద్ది. పన్నెండు పూతలు పూశా, ఒక్కోటి ఆరాక ఒక్కోటి," అన్నారు. నాన్నకి అర్థమయ్యే భాష అది. "నొక్కనా?" అన్నాడు. "నొక్కండి." నాన్న తన పెద్ద బొటనవేలు వెనక పలక మీద ఆనించి, గట్టిగా అదిమి తీశాడు. మచ్చయినా లేదు. "ఆరింది," అన్నాడు, కాయని గురించి చెప్పినట్టే.

వెళ్ళేముందు మస్తాన్ గారు మజ్జిగ గ్లాసు కింద పెట్టి, "ఆదివారం మాస్టారు గారు చూశాక కబురు చెయ్యండి. ఒక్కమాట, నెల రోజులు దీన్ని ఎండ పొడ తగలనీకండి. పైన ఆరింది గానీ అడుగున ఇంకా పచ్చే. నీడలో ఉంటే దాని మానాన అది గట్టిపడిపోద్ది," అన్నారు. ఆ మాట నేను విన్నాను. వినలేదని ఇన్నేళ్ళలో ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకోబోయాను. విన్నాను. తలుపు పక్కనే ఉన్నాను.

శనివారం మధ్యాహ్నం కూలీలు అన్నాలకి వెళ్ళారు. నాన్న పేటకి వెళ్ళాడు. నాకు పొద్దుటి నుంచి ఒకటే దిగులు. మాస్టారు రేపు ఏదైనా వంక పెడితే? నీడలో చూసిన రంగు ఎండలో ఇంకోలా ఉంటే? మార్కెట్లో నాన్నకి ఒకసారి అలాగే నీడలో కాయ చూపించి మోసం చేశారు. మాస్టారి కంటే ముందు నేనే చూసేసుకుంటే నిశ్చింతగా ఉంటుందనిపించింది. ఒక్క నిమిషం ఎండ పొడకి ఏమవుతుందిలే అనుకున్నాను. ఫిడేలు కళ్ళంలోకి తీసుకెళ్ళి, కాయల కుప్ప వాలు మీద తువ్వాలు పరిచి, దానికి చేరగిలబెట్టి, వెనక పలక ఎండవైపు తిప్పాను. నిప్పుకణికలా వెలిగింది. అంత ఎర్ర కాయల మధ్య దాని రంగే రంగు. సంతోషంతో అక్కడే గంతులు వేశాను. సరిగ్గా అప్పుడే లోపల్నుంచి నాయనమ్మ, "ఒసేయ్ రాజ్యం, పాలు పొంగుతున్నయ్యే!" అని కేక పెట్టింది. పరిగెత్తాను. పాలు దించాను, పొయ్యి తుడిచాను, పెరట్లో గేదె కట్టు తెంపుకుంటే దాన్ని పట్టుకోవడానికి నాయనమ్మకి సాయం వెళ్ళాను. ఫిడేలు గుర్తొచ్చేసరికి ఎండ కుప్ప మీద నిట్టనిలువుగా ఉంది.

పెనం తాకినట్టు కాలింది. తువ్వాలుతో పట్టుకుని నీడలోకి తెచ్చుకున్నాను. ఏమీ కాలేదు కదా, ఆరే ఉంది కదా అని నాకు నేను చెప్పుకుంటూ, నాన్న నొక్కినట్టే బొటనవేలు పెట్టి నొక్కాను. వేలు లోపలికి దిగింది. తీస్తే సన్నటి దారం లాగా జిగురు సాగింది. నా వేలి గీతలన్నీ ఒక్కటి పోకుండా అక్కడ అచ్చు పడ్డాయి. మధ్యలో నా వేలికి అంటుకొచ్చిన మిరపగింజ ఒకటి కూరుకుపోయింది. గోటితో దాన్ని ఊడబెరికితే గుండ్రటి గుంట మిగిలింది. తడిగుడ్డతో తుడిచాను, పోలేదు. ఊదాను. దేవుడికి మొక్కాను. చివరికి అది చల్లబడి మళ్ళీ గట్టిపడింది, ముద్రతో సహా. తెల్లగుడ్డలో ఎప్పటిలాగే చుట్టి పెట్టెలో పెట్టేశాను. ఆ సాయంత్రం నాన్న ఇంటికొచ్చి "ఏమ్మా, అట్లా ఉన్నావే?" అంటే, కారం కళ్ళలో పడిందన్నాను.

ఆదివారం మాస్టారు మంచం మీద కూర్చుని ముందు శ్రుతి చేసుకున్నారు. ఏ వర్ణం వాయించారో నాకు గుర్తులేదు గానీ, పంచలో కూలీల చేతులు ఆగిపోయాయి. నాయనమ్మ కూడా తిట్టడం ఆపింది. "గాత్రం ఉందండీ దీనికి! ఎక్కడి మనిషండీ ఈయన?" అన్నారు మాస్టారు. నాన్న మొహం విప్పారింది. అమ్మ నావైపు చూసి నవ్వింది. నేను తలుపు వెనక గొళ్ళెం పట్టుకుని నిలబడ్డాను. ఇంతటితో ఆగితే బాగుండునని ఒకటే కోరుకున్నాను. ఆయన ఆగలేదు. ఫిడేలుని కిటికీ వైపు ఏటవాలుగా పట్టుకున్నారు. మెడ కలిసే చోట వార్నిషు ముద్దకట్టిందేమో చూశారు. రంధ్రాల అంచులు చూశారు. పై పలక మీద నోటి ఆవిరి వదిలి, అది సమంగా పోతోందో లేదో చూశారు. తడిపిన రుమాలుతో ఒక మూల రుద్ది, రంగు అంటలేదని తల ఊపారు. తర్వాత వెనక్కి తిప్పారు.

"వెంకటప్పయ్య గారూ, ఇట్లా రండి. ఇక్కడ వేలు ఎవరు పెట్టారు?"

నాన్న వంగి చూశాడు. "నేనేనండి. మొన్న నొక్కి చూశా. అప్పుడేం పడలేదే?"

"అప్పుడు పడకపోవచ్చు. పచ్చి వార్నిషు అలాగే మోసం చేస్తుంది, తర్వాత తేలుతుంది. ఇదిగో, బుడగ కూడా లేచింది," అని ఆయన ఆ మిరపగింజ గుంటని చూపించారు. "నాదం బంగారం. కానీ ఈ వార్నిషు ఆరదండీ. పిల్ల చెమటకి ఏడాదిలో జిడ్డు దేలిపోతుంది. తీసుకోవద్దు."

నాన్న తన వేలి వైపు చూసుకున్నాడు. ఆ ముద్ర మీద ఆయన వేలు ఒక్కసారి పెట్టి చూస్తే చాలు, ముద్ర అందులో సగం కూడా లేదని తేలిపోయేది. పెడతాడేమోనని నేను గొళ్ళేన్ని అదిమి పట్టుకున్నాను. పెట్టలేదు. "మన కాయైతే మనం చెప్పగలం. ఇది మనకేం తెలుసు," అన్నాడు. ఆయన గొంతులో సిగ్గు వినిపించింది. ఆరిందని చెప్పింది ఆయనే మరి.

మంగళవారం మస్తాన్ గారు వచ్చారు. నాన్న సంగతి చెబితే ఆయన నమ్మలేదు. ఫిడేలు తీసుకుని గుమ్మంలోకి వెళ్ళి, ఆ ముద్రని వెలుతురుకి పెట్టి చాలాసేపు చూశారు. వేలి కొసతో ఆ గుంట తడిమారు. వసారాలో కాయల కేసి చూశారు. కళ్ళం కేసి చూశారు. తర్వాత తల తిప్పి నావైపు చూశారు. నేను రెండు చేతులూ వీపు వెనక దాచుకున్నాను. నా మోకాళ్ళు ఒకదానికొకటి కొట్టుకోవడం ఆయనకి కనపడే ఉంటుంది. ఇక అయిపోయింది, చెప్పేస్తారు, నాన్న "ఇక వద్దు" అంటాడు అనుకున్నాను. ఆయన ఫిడేలుని నెమ్మదిగా గుడ్డలో చుట్టుకున్నారు. "నిజమేనండి. వార్నిషు నాదే తప్పు. పచ్చిగా ఉంది," అన్నారు. మజ్జిగ తాగమంటే వద్దన్నారు. ఆయన వెళ్ళిన దారి వైపు నేను చూడలేదు. బతికిపోయానని మాత్రం అనుకున్నాను.

"ఈ ఊసిక వద్దు," అని నాన్న అననే అన్నాడు. కానీ ఆ నాదం విన్నాక మాస్టారికి పట్టుదల వచ్చింది. రెండు వారాలు నాన్న వెంటపడి, తనే బెజవాడ వెళ్ళి ఒక దుకాణంలో నాకు వేరే ఫిడేలు తెచ్చారు. తలుపులకి వేసే రంగులా మందంగా పూసిన ముదురు వార్నిషు, ఎక్కడ నొక్కినా చెక్కుచెదరదు. దాని గొంతు కూడా అంతే బండ. దాని మీదే చదువుకున్నాను, ఉద్యోగం తెచ్చుకున్నాను. ఈలోపు మాస్టారి మాట జిల్లా అంతా పాకింది. ఆయన చెడ్డవారు కాదు, అడిగినవాళ్ళకి తనకి తోచింది చెప్పారు. "మస్తాన్ ఫిడేలా? నాదం బాగుంటుంది గానీ వార్నిషు ఆరదండీ." ఆ మాట నా ఎదురుగానే ఎన్నిసార్లు అన్నారో. ప్రతిసారీ నేను కమానుకి రోజిన్ రాస్తూ తల వంచుకునేదాన్ని. రెండేళ్ళలో మస్తాన్ గారు మళ్ళీ నాడెలు చేసుకుంటున్నారని విన్నాను. పెద్దయ్యాక చెప్పొచ్చు, పెళ్ళయ్యాక చెప్పొచ్చు, నాన్న పోయాక చెప్పొచ్చు అనుకున్నాను. ప్రతి వాయిదాకీ భయం ఇంకొంచెం పెరిగేది, ఎందుకు ఇంతకాలం చెప్పలేదన్న ప్రశ్న కూడా వచ్చి కలిసేది. మస్తాన్ గారు పోయారని తెలిసిన రోజున నాకు కలిగిన మొదటి భావం దుఃఖం కాదు, నిశ్చింత. ఆ మాట రాయడానికి ఇప్పుడు కూడా సిగ్గుగా ఉంది.

ఆదివారం కారులో హాసిని నా పక్కన కూర్చుంది. పర్చూరు దాటాక చిప్స్ తింటూ, "టీచర్ గారూ, మీరిచ్చిన కమాను నేనే విరగ్గొట్టానండి. మంచం మీద పెట్టి దాని మీదే కూర్చున్నా. సారీ," అంది. ముందు సీట్లోంచి వాళ్ళమ్మ, "కొత్తది కొనిస్తాంలెండి," అంది. అంతే. మళ్ళీ చిప్స్ తినడంలో పడింది ఆ పిల్ల. కోపం రావాల్సింది, నాకు అసూయ కలిగింది. మా రోజుల్లో పెద్దలంటే భక్తి ఉండేదని సభల్లో నేనే ఎన్నిసార్లు చెప్పానో! మా ఇంట్లో ఉన్నది భక్తి కాదు, వణుకు. ఆ వణుకులో నేను ఇంకో మనిషి బతుకు మీద చెయ్యి తుడుచుకున్నాను. రోడ్డు పక్కన పొలాల్లో పట్టాలు పరిచి మిరపకాయలు ఎండబోశారు. అద్దాలు బిగించి ఉన్నా ఆ ఘాటు నా ముక్కుకి తగిలినట్టే అనిపించింది.

షంషాద్‌కి యాభై దాటి ఉంటాయి. వీధి గదిలో గిటార్లు, కీబోర్డులు బాగుచేస్తుంది, లోపలి గదిలో వయొలిన్లు. ఆ గదిలో లక్క, స్పిరిట్ కలిసిన వాసన. ఆ వాసన తగలగానే, అడగకుండానే స్టూలు మీద కూర్చున్నాను. "రండి టీచర్ గారూ, మీ గురించి చాలా విన్నానండి," అని కొత్త వయొలిన్ నా ముందు పెట్టింది. అదే తేనె రంగు. నేను దాన్ని ముట్టుకోలేదు. నా కళ్ళు గోడ మీదున్నాయి. మేకుకి తెల్ల నూలుగుడ్డ మీద వేలాడుతూ, వీపు ఇటు తిప్పి, అది.

"అది నాన్న చేసిన ఆఖరుదండి," అంది షంషాద్ నా చూపు గమనించి. "పని నాకు నేర్పాడు గానీ, దీన్ని మాత్రం ఎవరికీ అమ్మలేదు. మళ్ళీ పూత వేద్దామన్నా ఒప్పుకోలేదు. చూడండి, చిన్నపిల్ల వేలు. మధ్యలో మిరపగింజ గుంట. ఎండలో పెడితేనే ఇట్లా పడుద్ది. 'నా వార్నిషులో తప్పు లేదనటానికి ఇదొక్కటే సాక్ష్యం, చెరపొద్దు,' అనేవాడు."

"మరి ఆయన అప్పుడే చెప్పలేదేం?" అంది స్వప్న.

"ఆ పిల్ల చేతులు దాచుకుని వణికిపోతా నిలబడిందంట. చెబితే ఆ ఇంట్లో దాని చదువు ఆగిపోద్దని ఊరుకున్నాడంట. మా అమ్మ మాత్రం ఇప్పటికీ తిడతది. 'ఆ పిల్లకి సంగీతం వచ్చింది, మన పొయ్యిలో పిల్లి పడుకుంది,' అని."

వయసు మీద పడ్డాక ఇక కొత్తగా భయపడటానికి ఏమీ ఉండదనుకుంటాం. స్వప్న ఏమనుకుంటుంది, హాసిని ఏమనుకుంటుంది, రేపు గుంటూరులో ఎవరెవరికి తెలుస్తుంది, ఇవన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. ఇంటికి వెళ్ళిపోవచ్చు. మోకాళ్ళ నొప్పి అనవచ్చు. హాసిని చిప్స్ కవరు మడిచి జేబులో పెట్టుకుంటూ నా మొహంలోకి చూస్తోంది. కారులో అది ఎంత తేలిగ్గా అనేసింది ఆ మాట!

"ఆ వేలు నాదేనమ్మా," అన్నాను. "ఎండలో పెట్టింది నేనే. నొక్కింది నేనే. మీ నాన్నగారు పెట్టొద్దని చెప్పారు, అది కూడా విన్నాను."

షంషాద్ నన్ను చూసింది, గోడ మీది ఫిడేలుని చూసింది, మళ్ళీ నన్ను చూసింది. ఆమె మొహంలో ఏముందో నాకు అర్థం కాలేదు. తిట్టినా బాగుండును. చివరికి కొత్త వయొలిన్ని వెనక్కి తిప్పి నా ముందుకి జరిపింది. "ముందు వచ్చిన పని చూడండి టీచర్ గారూ. వేలు పెట్టి చెప్పండి," అంది.

ఎడమచేత్తో నా కుడి బొటనవేలిని పట్టుకుని, వెనక పలక మీద ఆనించి, గట్టిగా అదిమాను. తీసి కిటికీ వైపు వంచి చూశాను. మచ్చ లేదు. చారలు లోపల కదులుతున్నాయి.

"ఆరిందమ్మా," అన్నాను. "మీ నాన్నగారిది కూడా ఆరింది. ఆ రోజే ఆరింది."

షంషాద్ కళ్ళు తుడుచుకోలేదు, నవ్వలేదు. లేచి పక్కగది కర్టెన్ ఒకవైపు లాగింది. లోపల మంచం మీద ఒక ముసలావిడ గోడవైపు తిరిగి కూర్చుని జపమాల తిప్పుకుంటోంది.

"అమ్మకి చెవులు సరిగా వినపడవండి," అంది షంషాద్. "ఆ మాట దగ్గరికెళ్ళి, కొంచెం గట్టిగా చెప్పండి."

చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాను.